ముందు తెల్ల కార్డు, తర్వాతే నలుపు: ఎయిర్ పిస్టల్‌కు కొత్తగా వచ్చిన ఒక నర్సు కేసు

మా షూటింగ్ రేంజ్‌కు కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది అంతకుముందే తుపాకీ పట్టినవాళ్లు. ఐనవోలు మల్లన్న జాతరలోనో, మేడారంలోనో, ఊళ్లోకి వచ్చిన ఎగ్జిబిషన్‌లోనో బుగ్గలు (బెలూన్లు) కొట్టి ఉంటారు. ఒక కన్ను గట్టిగా మూసి, ఊపిరి బిగబట్టి, బుగ్గ సూటిగా కనబడగానే టక్కున నొక్కేస్తారు. పగిలితే చప్పట్లు, పగలకపోతే గొట్టం వంకర అనే మాట. (ఆ మాట చాలాసార్లు నిజమే కూడా.) ఆ సరదాను నేను తప్పుపట్టను. కానీ పిస్టల్ నేర్పేవాడికి మొట్టమొదటి పని ఆ టక్కున నొక్కే అలవాటు మాన్పించడం. ఈ కేసంతా దాని గురించే.

వచ్చినావిడ ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వయసు ముప్పై దాటింది. కుడిచేతి వాటం. బడిలో ఆడిన ఖోఖో తప్ప ఆటల అనుభవం లేదు. నెలలో కొన్ని నైట్ డ్యూటీలు తప్పవు. రేంజ్‌లో అందరూ ఆమెను సిస్టర్ అనే పిలిచేవారు, ఇక్కడా అదే రాస్తున్నాను. ఆమెను అడిగి, ఆమె చదివి సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

మాది హనుమకొండలో ఒక భవనం పై అంతస్తులో ఉన్న చిన్న రేంజ్. పది మీటర్ల లేన్లు కొన్ని, కాగితం కార్డులు, వాటిని ముందుకూ వెనక్కూ తీసుకుపోయే మోటారు క్యారియర్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు, మందుగుండుతో పేలే .22 తుపాకులు లేవు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని అడిగితే ఈమధ్య ఎక్కువమంది మను భాకర్ పేరు చెబుతారు. 2024 జులైలో పారిస్ ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్‌లో ఆమెకు కంచు పతకం వచ్చాక మాకు ఫోన్లు ఆగలేదు. అమ్మాయిల తల్లిదండ్రులైతే మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పేరు చెప్పి, వెనకే స్పోర్ట్స్ కోటా గురించి అడుగుతారు. సిస్టర్ ఈ రెండూ చెప్పలేదు. "వార్డుల రోజంతా అందరి కోసం ఉరుకుడే సార్. ఒక్క గంట నా కోసం నేను నిలబడాలె" అన్నారు. నేర్పేవాడికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. స్కోరు కోసం వచ్చినవాళ్లు కార్డును చూస్తారు, నిలబడటానికి వచ్చినవాళ్లు తమ చేతిని చూసుకుంటారు.

పిస్టల్ ముట్టుకోకముందు

మొదటి రోజు సగం మాటలతోనే గడుస్తుంది. దీనికి లైసెన్సు కావాలా, పోలీసులతో ఏమైనా తలనొప్పి ఉంటుందా అని సిస్టర్ అడిగారు. ఇంట్లో అత్తమ్మ అడిగి రమ్మన్నదట. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, బోరు (గొట్టం లోపలి వెడల్పు) .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ అర గ్రాముకు కాస్త ఎక్కువ బరువున్న పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) గాలి ఒత్తిడితో సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క వేస్తే ఆరు జౌళ్ల దగ్గర తేలుతుంది. .22 సంగతి వేరు. అది మందుగుండుతో పేలే ఆయుధం, లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే నేరం. అయితే లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎయిర్ పిస్టల్‌ను ఆటబొమ్మ అనుకుంటే కష్టం. ఆ ఆరు జౌళ్లే ఒక కన్ను పోవడానికి చాలు.

భద్రత గురించి నేను గోడకు పెద్ద జాబితా అంటించను. గొట్టం ఎప్పుడూ కార్డుల వైపే ఉండాలి. పిస్టల్ టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. బల్ల మీద పెట్టేటప్పుడు లోడ్ చేసే లివర్ తెరిచి, గొట్టంలో రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి ఉంచాలి. ఎవరైనా కార్డుల వైపు నడిస్తే మిగతావాళ్లంతా పిస్టల్ వదిలి వెనక్కి జరగాలి. "స్టాప్" అని ఎవరైనా అనొచ్చు, నిన్న చేరినవాళ్లయినా సరే. అది వినబడ్డాక ఎందుకు, ఏమిటి అనే వాదన ఉండదు.

గన్ ఎప్పుడూ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి అంటే కొత్తవాళ్లకు ఎక్కదు. కళ్ల ముందే ఖాళీగా ఉంది కదా అంటారు. సిస్టర్‌కు రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. "వాడిన సూది కూడా గంతే కదా సార్. ఎవరికి వాడిండ్రో తెలవకున్నా రోగం ఉన్నట్టే పట్టుకుంటం, డబ్బాల వేసేదాక" అన్నారు. ఇప్పుడు ఆ మాట నేను మిగతా కొత్తవాళ్లకు కూడా చెబుతున్నాను.

ఇంకో మాట. పెల్లెట్లు సీసంతో చేసినవి. కాబట్టి రేంజ్ లోపల తిండి, టీ ఉండవు. పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాయంత్రం బ్యాచ్ కుర్రాళ్లు మిర్చీ బజ్జీల పొట్లం తెచ్చి లేన్ వెనకే విప్పడం మీద నాకూ వాళ్లకూ గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కుడి చెయ్యి, ఎడమ కన్ను

అట్టముక్క మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లు పెట్టి సిస్టర్‌కు ఇచ్చాను. రెండు చేతులతో చాచి పట్టుకుని, రెండు కళ్లూ తెరిచి, ఆ చిల్లులోంచి ఎదుటి గోడ మీది స్విచ్చిని చూడమన్నాను. కదలకుండా కుడి కన్ను మూయమంటే స్విచ్చి అలాగే కనిపించింది. ఎడమ కన్ను మూయగానే మాయమైంది. మళ్లీ చేయించినా అదే ఫలితం. అంటే ఆమె చెయ్యి కుడిది, పెత్తనం చేసే కన్ను ఎడమది.

ఇలాంటివాళ్లు అరుదేమీ కాదు. చూడకుండా వదిలేస్తేనే చిక్కు. కుడి చేత్తో పిస్టల్ ఎత్తి రెండు కళ్లూ తెరిచి చూస్తే మెదడు ఎడమ కన్ను చూపే బొమ్మనే ముందుకు తోస్తుంది. సైట్లు, అంటే గొట్టం మీద ముందూ వెనకా గురి చూసుకోవడానికి ఉండేవి, ఎక్కడో పక్కకు కనిపిస్తాయి. మనిషి తనకు తెలియకుండానే తలను కుడి భుజం మీదికి వంచుతాడు, లేదా ఎడమ కన్ను బిగించి మూస్తాడు. తల వంగితే నిలకడ పోతుంది. ఒక కన్ను బిగిస్తే ముఖంలో సగం కండరాలు బిగుసుకుంటాయి, తెరిచి ఉన్న కన్ను కూడా తొందరగా అలిసిపోతుంది.

దారులు రెండు. చెయ్యి మార్చడం, లేదా ఎడమ కన్నుకు అడ్డం పెట్టడం. పన్నెండేళ్ల పిల్లయితే నేను చెయ్యే మార్పించేవాణ్ని. ఆ వయసులో ఎడమ చెయ్యి తొందరగా దారికి వస్తుంది. సిస్టర్‌తో ఎడమ చేత్తో పిస్టల్ ఎత్తించి చూశాను. కిలో బరువు అది. పక్కన నిలబడ్డ నాకే గొట్టం కొస వణుకు స్పష్టంగా తెలిసింది. పైగా పోటీ పిస్టల్ గ్రిప్ అరచేతికి అతికినట్టు చెక్కిన కర్ర, కుడిచేతి గ్రిప్ ఎడమ చేతికి పట్టదు. మా దగ్గర ఉన్నవన్నీ కుడిచేతివే. కాబట్టి కుడి చెయ్యే ఉంచి, టోపీ అంచుకు ఎడమ కన్ను ముందు ఒక మసక ప్లాస్టిక్ ముక్క వేలాడదీశాం. దీన్ని బ్లైండర్ అంటారు. పోటీ నియమాల ప్రకారం వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. నల్ల అట్ట కాకుండా వెలుతురు వచ్చేది వాడాలి. రెండు కళ్లలోకీ దాదాపు ఒకే వెలుతురు పోతే కుడి కన్ను ఇబ్బంది పడదు.

పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికెచ్ మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని వెండి పతకం కొట్టిన ఫొటో చూసి, ఈ అడ్డాలూ అద్దాలూ ఎందుకు అని అడిగేవాళ్లు చాలామంది. జేబులో చెయ్యి పెట్టడం ఆయన సొంత స్టయిలేమీ కాదు, పది మీటర్ల పిస్టల్‌లో దాదాపు అందరూ ఆ పనే చేస్తారు. ఊగే ఎడమ చెయ్యి నడుమును తిప్పుతుంది కాబట్టి దానికో చోటు చూపాలి. బ్లైండర్ లేకుండా కొట్టడం మాత్రం ఆయన కళ్లకు కుదిరింది. సిస్టర్ కళ్లకు కుదరదు.

నిలబడే తీరు తొందరగానే వచ్చింది. పాదాల మధ్య భుజాలంత ఎడం, శరీరం కార్డుకు దాదాపు పక్కవాటంగా, తల నిటారుగా, ముఖం మాత్రం కార్డు వైపు. కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తి, కార్డు ఎత్తుకు దించి, కళ్లు తెరిస్తే పిస్టల్ ఎక్కడుందో అదే శరీరం కోరుకున్న చోటు. అది కార్డుకు పక్కగా ఉంటే చేతిని లాగకూడదు, వెనక కాలు కొద్దిగా జరపాలి. రోజూ గంటల తరబడి నిలబడే మనిషి కాబట్టి కాళ్ల గురించి నాకు బెంగ లేకపోయింది.

గోడ, ఆ తర్వాత తెల్ల కార్డు

నా దగ్గర కొత్తవాళ్లకు మొదట టార్గెట్ ఇవ్వను. పెల్లెట్ కూడా ఇవ్వను. ఎదురుగా ఖాళీ తెల్ల గోడ, పిస్టల్ డ్రై మోడ్‌లో. ట్రిగ్గర్ నొక్కితే చిన్న క్లిక్ వస్తుంది, గాలి వదలదు. ఈ దశలో చూడాల్సింది ఒక్కటే బొమ్మ. వెనక సైట్ గాడి మధ్యలో ముందు సైట్ నిలబడాలి, దానికి రెండు వైపులా వెలుతురు సమానంగా ఉండాలి, రెండింటి తలలు ఒకే గీతలో ఉండాలి. క్లిక్ వచ్చినప్పుడు ఆ బొమ్మ కదలకూడదు. వచ్చాక కూడా ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండాలి, ఎందుకంటే నిజం షాట్‌లో ట్రిగ్గర్ నొక్కాక కూడా పెల్లెట్ ఒక లిప్తపాటు గొట్టంలోనే ఉంటుంది.

చాలామంది ఇక్కడే విసుగు చెందుతారు. డబ్బు కట్టింది గోడ చూడ్డానికా అని ఒకాయన ముఖం మీదే అన్నాడు, తర్వాతి వారం రాలేదు. సిస్టర్‌కు విసుగు రాలేదు. కానీ ఆమె కళ్లు ముందు సైట్ మీద నిలిచేవి కావు, వెనక గోడ మీదికి జారేవి. కంటికి ఒక్కసారి ఒక్క దూరమే స్పష్టంగా కనిపిస్తుంది. సైట్ స్పష్టంగా ఉంటే గోడ మసకబారాలి, అదే సరైనది. "సైట్ మీద గీత ఏమైనా ఉందా?" అని అడుగుతుండేవాణ్ని. మా క్లబ్ పిస్టల్ ముందు సైట్ మీద సన్నటి గీత ఒకటి పడి ఉంది. అది కనబడింది అని ఆమె అన్న రోజు నుంచే పెల్లెట్లు ఇవ్వడం మొదలుపెట్టాను.

పెల్లెట్లు ఇచ్చినా నల్ల చుక్క ఇవ్వలేదు. టార్గెట్ కార్డు తిప్పి వెనక తెల్లవైపు పెట్టాను. గురి పెట్టడానికి ఏమీ లేదు. "మరి ఏడికి కొట్టాలె సార్?" అని అడిగారు. కార్డు మధ్యలో ఎక్కడో ఒకచోట, మీకు బాగనిపించిన చోట అన్నాను. చదునైన తల ఉన్న పెల్లెట్ కార్డులో గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పెడుతుంది. ఆ చిల్లులన్నీ కలిసి ఎంత చోటులో పడ్డాయన్నదే మా లెక్క. మొదట పది సెంటీమీటర్ల పైనే పరుచుకున్నాయి. తర్వాత తర్వాత దగ్గరికి చేరి, ఆరు సెంటీమీటర్ల వలయంలో సర్దుకోవడం మొదలైంది. అసలు టార్గెట్‌లో నలుపు వ్యాసం 59.5 మిల్లీమీటర్లు. అంటే నలుపు అనేది ఎలా ఉంటుందో చూపించకముందే ఆమె షాట్లు నలుపులో పట్టేంత దగ్గరికి వచ్చాయి. ఈ సంగతి మాత్రం నేను అప్పుడే ఆమెకు చెప్పలేదు.

నలుపు కనబడ్డాక

కార్డు ముందువైపు తిప్పి పెట్టగానే అంతా చెదిరిపోయింది. నట్టనడుమ తగిలితే పది పాయింట్లు, దూరం పోయేకొద్దీ తగ్గుతాయి. ఆమెకు పది షాట్లకు, అంటే వందకు, 70 లోపే. షాట్లన్నీ కింద ఎడమ పక్కకు, గడియారంలో ఏడు, ఎనిమిది ఉండే చోటుకు పోయాయి. కుడిచేతి షూటర్ కార్డులో చిల్లులు ఆ మూలకు చేరాయంటే నేను కార్డు చూడను, చెయ్యి చూస్తాను.

పక్క లేన్‌లో పాతవాళ్లు ఒకరిద్దరు అప్పటికే సలహాలు మొదలుపెట్టారు. సైట్ మర రెండు క్లిక్కులు పైకి తిప్పు, కాదు నలుపు మధ్యలో పెట్టి కొట్టు అని. రేంజ్‌లో కోచ్ కానివాడు ఎవడూ ఉండడు. సైట్ తిప్పితే తప్పు పోదు, కనబడకుండా దాక్కుంటుంది. నలుపు మధ్యలో పెట్టడం కూడా నేను నేర్పను. నల్ల సైట్ నల్ల చుక్కలో కలిసిపోతే తల ఎక్కడుందో తెలియదు. నలుపు కింద కొంత తెలుపు వదిలి, ఆ తెలుపులో సైట్ నిలపమంటాను. పెల్లెట్ మధ్యలోకి పోయేలా సైట్ ముందే సర్ది ఉంటుంది.

ఆమె చేతికి ఏం జరుగుతోందో చూడాలంటే ఒక పాత పద్ధతి ఉంది. పిస్టల్ నేను సిద్ధం చేసి గొట్టం కార్డుల వైపే ఉంచి బల్ల మీద పెడతాను. కొన్నిసార్లు పెల్లెట్‌తో, కొన్నిసార్లు డ్రై మోడ్‌లో. ఏది ఎప్పుడో ఆమెకు తెలియదు. మొదటి రెండు షాట్లు పెల్లెట్‌తో ఇచ్చాను. మూడోది డ్రై. ఆమె ఎత్తారు, నలుపు కిందికి దించారు, సైట్ ఊగుతూ ఊగుతూ ఒక్క క్షణం సరిగ్గా చోటుకు వచ్చింది. ఆ క్షణంలోనే క్లిక్. గాలి వదల్లేదు, కాని గొట్టం కొస కిందికి, ఎడమకు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. పెల్లెట్ పోయినప్పుడు చప్పుడులో దాక్కునే కుదుపు ఈసారి బయటపడిపోయింది. పిస్టల్ దించి "నేనే గుంజిన కదా సార్" అన్నారు. నేను అవుననీ కాదనీ అనలేదు. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసిన వీడియో చూపించాను. చూపుడు వేలు కదిలేటప్పుడు చిటికెన వేలు, దాని పక్క వేలు కూడా ముడుచుకుంటున్నాయి, బొటనవేలి గోరు తెల్లబడుతోంది. నొక్కాల్సింది ఒక్క వేలు, నొక్కుతున్నది చెయ్యంతా.

ఎయిర్ పిస్టల్‌లో పెద్ద చప్పుడు లేదు, చేతిని తన్నడమూ లేదు. కాబట్టి ఇది భయం వల్ల వచ్చే కుదుపు కాదు. సైట్ సరైన చోటు దాటిపోతోంది, దాటేలోపు నొక్కేయాలి అనే ఆత్రం. బుగ్గల స్టాల్ నేర్పిన పాఠం అదే. తెల్ల కార్డు మీద ఆత్రం పుట్టడానికి ఏమీ లేదు, అందుకే చెయ్యి బుద్ధిగా ఉంది. నల్ల చుక్క కనబడగానే చెయ్యి జాతరకు పోయింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాను. కొత్తవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదొక్కటే. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. కార్డు పది మీటర్ల దూరంలో ఉంది, అంటే దానికి ముప్పై రెట్ల పైన. గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితే కార్డు మీద పెల్లెట్ దాదాపు 31 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అంటే ఏడు పాయింట్లే. సైట్లు రెండూ సరిగ్గా కలిసే ఉండి, చెయ్యి మొత్తం ఐదు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే పెల్లెట్ కూడా అంతే, ఐదు మిల్లీమీటర్లు జరుగుతుంది. పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ అంచు గీతను తాకినా పాయింటు మనదే. కాబట్టి ఊగిన ఆ షాట్ ఇంకా పదే.

సిస్టర్ కాసేపు కార్డునూ పిస్టల్‌నూ మార్చి మార్చి చూశారు. "అంటే ఊగుడు తప్పు కాదన్నట్టు" అన్నారు. కాదు. అందరి చెయ్యీ ఊగుతుంది. ఊపును ఆపడానికి చేసే ప్రయత్నమే సైట్లను విడదీస్తుంది. పారిస్‌లో మను భాకర్ ఫైనల్‌కు చేరింది 600కు 580తో. పతకం తెచ్చిన మనిషి కూడా అరవై షాట్లలో ఇరవై పాయింట్లు వదిలేసింది.

లెక్క అర్థమైనంత మాత్రాన వేలు మారదు. మళ్లీ తెల్ల కార్డుకు తీసుకుపోయాను. ఈసారి పని ట్రిగ్గర్ మీద. పది మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదని నియమం. రెండు దశల్లో పని చేస్తుంది. మొదటి దశలో వేలు వెనక్కి పోయి ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది, ఆ తర్వాత కొద్ది ఒత్తిడికే షాట్ పోతుంది. పిస్టల్ పై నుంచి దిగేటప్పుడే మొదటి దశ తీసుకోవాలి. చోటుకు చేరాక మిగిలిన ఒత్తిడిని ఆగకుండా, వేగం మార్చకుండా పెంచుకుంటూ పోవాలి. ఎప్పుడు పోతుందో ఖచ్చితంగా తెలియకూడదు. గ్రిప్ పట్టు మాత్రం ఎత్తకముందు ఎంతుందో షాట్ అయ్యాక కూడా అంతే ఉండాలి.

దీంతోపాటు ఇంకొకటి నేర్పాను. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కొట్టకుండా దించడం. చెయ్యి చోటుకు చేరాక ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ పోవాలి. ఆ తర్వాత ఊపిరి చాలదు, కన్ను పాత బొమ్మనే పట్టుకుని ఉంటుంది, చెయ్యి వణుకు పెంచుకుంటుంది. పోకపోతే వేలు తీసి, పిస్టల్ బల్ల మీదికి దించి, రెండు ఊపిరులు తీసుకుని మళ్లీ ఎత్తాలి. చెప్పడం తేలిక. చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు, అంత కష్టపడి నిలిపింది వృథా అయిందనిపిస్తుంది. అందుకే సిస్టర్‌కు షాట్లు లెక్కపెట్టడం మానేసి, దించినవి లెక్కపెట్టమన్నాను. ఒక సెషన్‌లో ఒక్కసారి కూడా దించకపోతే ఆ రోజు కార్డు చూడకుండానే చించేద్దామని ఒప్పందం. మొదట్లో మొహమాటంగా నవ్వారు. తర్వాత తానే "ఇది బాలేదు సార్" అని దించేయడం అలవాటు చేసుకున్నారు.

రెండోసారి నలుపు పెట్టినప్పుడు షాట్లు మూల వదిలి మధ్యకు వచ్చాయి. సైట్ ఒక్క క్లిక్ కూడా తిప్పలేదు. పది షాట్లకు 85 నుంచి 89 దాకా కొట్టడం మొదలైంది.

నైట్ డ్యూటీ

ఒక రోజు ఉన్నట్టుండి స్కోరు కిందికి దిగింది. పిస్టల్ ఎత్తిన ప్రతిసారీ గొట్టం కొస పెద్ద పెద్ద సున్నలు చుడుతోంది. ఏం తిన్నారని అడిగితే తిండి సంగతి పక్కన పెట్టి రాత్రి తాగిన టీలు లెక్కపెట్టారు. డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. ఆ రోజు పెల్లెట్లు ఇవ్వలేదు, గోడ ముందు కాసేపు నిలబెట్టి పంపించేశాను. నైట్ డ్యూటీ తర్వాత రోజు రేంజ్ వద్దని గట్టిగా చెప్పాను. నిద్ర లేని చేతికి పిస్టల్ ఇస్తే తప్పుడు అలవాట్లే బలపడతాయి, వాటిని మళ్లీ మాన్పించే పని నా మీద పడుతుంది.

రేంజ్‌కు రాలేని రోజుల్లో ఇంట్లో చేసే పని ఒకటి ఇచ్చాను. ముందు అర లీటరు, తర్వాత లీటరు నీళ్ల సీసా పట్టుకుని, చెయ్యి చాచి, పది సెకన్లు నిలిపి దించడం. భుజం నొప్పి పెడితే ఆపేయడం. పిస్టల్ మాత్రం ఇంటికి ఇవ్వను. చట్టం అడ్డం కాకపోయినా, పిల్లలున్న ఇంట్లో తాళం వేసే పెట్టె లేకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. సొంతంగా కొనాలన్న ఆలోచన ఉంటే ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. బయటి దేశం పిస్టల్ అంటే లక్షన్నర పైమాటే. ఏ గ్రిప్ సైజు తన చేతికి సరిపోతుందో తెలియకుండా అంత డబ్బు పెట్టడం దండగ.

మొదటి అరవై

పోటీలో అరవై షాట్లు కొట్టాలి. మహిళలకు ఒకప్పుడు నలభై ఉండేవి, 2018 నుంచి వాళ్లకూ అరవై చేశారు. కాగితం కార్డులకు గంటన్నర, ఎలక్ట్రానిక్ టార్గెట్లకు గంటంబావు సమయం. దానికి ముందు సర్దుకోవడానికి, ట్రయల్ షాట్లకు పదిహేను నిమిషాలు. ఒక ఆదివారం లేన్లు ఖాళీగా ఉన్నప్పుడు గడియారం పెట్టి సిస్టర్‌తో మొత్తం కొట్టించాను. పోటీ అనలేదు, ఎంత వస్తుందో చూద్దామన్నాను.

పదేసి షాట్ల సిరీస్‌లు ఇలా వచ్చాయి: 88, 87, 86, 84, 83, 79. మొత్తం 507. మొత్తం కంటే ఆ వరుస నాకు ఎక్కువ చెప్పింది. చివరి కార్డులో చిల్లులు పాత మూలకు, ఏడు గంటల వైపుకు పోలేదు. కింద పైన పరుచుకున్నాయి. అంటే వేలు తప్పు చేయలేదు, భుజం అలిసింది. ఇంకొకటి, గంటన్నర ఉన్నా ఆమె గంట దాటగానే ముగించేశారు. దించిన షాట్లు మొదటి సిరీస్‌లో నాలుగు, చివరి సిరీస్‌లో ఒక్కటీ లేదు. అలిసేకొద్దీ తొందరగా అవగొట్టేయాలని చూశారు. "ఇంక అయిపోతే బాగుండనిపించింది సార్" అని తానే ఒప్పుకున్నారు.

దీనికి మందు పెద్దదేమీ కాదు. ఇరవై షాట్ల తర్వాత పిస్టల్‌లో ఫ్లాగ్ పెట్టి, కుర్చీలో కూర్చుని, నీళ్ల కోసం బయటికి వెళ్లి వచ్చి, మళ్లీ కాళ్లు చూసుకుని నిలబడాలి. నలభై తర్వాత మళ్లీ అంతే. గడియారం ఆపరు, అయినా సమయం మిగులుతుంది. మరో అరవైలో ఈ విరామాలు పెట్టించాను. చివరి సిరీస్ ఎనభై దాటింది. మొత్తం పెద్దగా పెరగలేదు, ఎందుకంటే ఈసారి మొదటి సిరీస్‌లోనే రెండు షాట్లు ఆరులోకి పోయాయి. అవి ఎందుకు పోయాయో ఆమెకు కొట్టినప్పుడే తెలుసు. కార్డు వెనక్కి రాకముందే "ఇవి రెండూ గుంజిన" అని చెప్పారు. నాకు ఆ మాట స్కోరు కంటే ఎక్కువ.

ఇప్పుడు మిగిలిన పని గ్రిప్. ఆమె చెయ్యి చిన్నది, మా క్లబ్ పిస్టల్ గ్రిప్ మధ్య సైజు. అరచేతి కింద ఆనే చెక్కను పైకి జరిపినా బొటనవేలి దగ్గర సందు ఉండిపోతోంది, వేలి కొస ట్రిగ్గర్ మీద సగమే ఆనుతోంది. చెక్క పుట్టీతో ఆ సందు నింపి, ఆరాక ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి చూడాలి. ఆ పిస్టల్ వాడే మిగతావాళ్లతో మాట్లాడి, ఆమె పేరున ఒక విడి గ్రిప్ ఉంచడానికి ఒప్పించాను. జిల్లా స్థాయి పోటీకి పేరు ఇద్దామా అని అడిగితే డ్యూటీ చార్ట్ చూసి చెబుతానన్నారు. ఆ వారం నైట్ పడకపోతే ఇస్తాం, పడితే ఇవ్వం.